తుపాను రాకముందే చెట్లు లెక్కపెట్టాలి

పలాసలో రైలు దిగి సముద్రం వైపు వెళ్ళి చూడండి. దారికి రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దాకా ఇదే వరస. దీన్నే ఉద్దానం అంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. తోటలకు తోటలే నేలకొరిగాయి.

మరి ఎన్ని చెట్లు పడ్డాయి? ఇది ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు. కొబ్బరికి నష్టపరిహారం చెట్టుకింత అని కట్టారు. మొదట 1,500 రూపాయలు, 2019లో దాన్ని 3,000 చేశారు. పది చెట్లు లెక్క తప్పితే రైతుకు 30,000 రూపాయలు పోయినట్టే గదా!

ఇలాంటి లెక్కకు ఇప్పుడు డ్రోన్ ఉంది. అది చెట్టును ఎలా కొలుస్తుంది? ముఖానికి దగ్గరగా వేలు పెట్టి, ముందు ఒక కంటితో, తర్వాత రెండో కంటితో చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది. చెయ్యి చాచి చూస్తే అంత జరగదు. డ్రోన్ ఎగురుతూ, ఒకదానిలోని భాగం మరొకదానిలోనూ వచ్చేలా ఫొటోలు తీస్తుంది. కెమేరాకు దగ్గరగా ఉన్న చెట్టు కొన ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకు ఎక్కువ జరుగుతుంది, నేల తక్కువ జరుగుతుంది. ఆ తేడాను బట్టి కంప్యూటరు ఎత్తు కడుతుంది. చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉన్న ప్రతి చోటునూ ఒక చెట్టు తలగా లెక్క వేస్తుంది.

కొబ్బరి పైనుంచి నక్షత్రంలా కనిపిస్తుంది కాబట్టి సులువే. జీడితోనే తంటా. దాని కొమ్మలు పక్క చెట్టు కొమ్మల్లో కలిసిపోతాయి. యంత్రం రెండింటిని ఒకటి అనవచ్చు, ఒకదాన్ని మూడు అనవచ్చు. పనస నీడన పెరిగే మొక్క దానికి కనబడనే కనబడదు.

ఇంకో చిక్కు ఉంది. కొబ్బరికి మొవ్వ ఒక్కటే. గాలికి మొవ్వ మెలిపడినా మట్టలు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి, చెట్టు మాత్రం చచ్చిపోతుంది. తుపాను మర్నాడు తీసిన ఫొటోలో అది బతికినట్టే లెక్క! అందుకే కొన్ని నెలలాగి మళ్ళీ ఎగరెయ్యాలి.

అసలు నన్నడిగితే, డ్రోన్ ముందుగా ఎగరవలసింది ఎండాకాలంలో. 2013లో ఫైలిన్ వచ్చిందీ అక్టోబరులోనే, తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే. ఒకదానిమీదొకటి పడిన మానుల్ని లెక్కపెట్టడం కష్టం, నిలబడ్డ చెట్లను లెక్కపెట్టడం తేలిక. ముందు లెక్కలోంచి తర్వాతి లెక్క తీసివేస్తే సరి. ఆ తీసివేత మీకు చిన్న తరగతిలోనే వచ్చు. తోటవారీ లెక్కను పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, రైతు తన తోటలో తిరిగి సరిచూసుకోవాలి. యంత్రం చెప్పాక మనిషి చూడడమెందుకు అనే వాళ్ళతో నేను ఏకీభవించను. జీడి సంగతి ఇందాకే చూశారుగా!

ఈ పని మీరూ చెయ్యవచ్చు. పెద్దవాళ్ళ అనుమతితో ఒక ఎకరం తోట నడిచి లెక్కపెట్టండి. 25 అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు సుమారు 70 కొబ్బరి చెట్లు పడతాయి. మీకు 70 రాకపోతే కంగారుపడకండి, పాత తోటల్లో చెట్లు గీత గీసినట్టు ఉండవు. చెట్టు చెట్టుకూ సుద్దతో గుర్తు పెట్టడం మాత్రం మరవకండి. లేకపోతే లెక్కపెట్టిన చెట్టునే మళ్ళీ లెక్కపెడతారు.