రైలొచ్చింది, బాకీ పోలేదు

నడికుడి - శ్రీకాళహస్తి లైను పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా పడింది మొదలు, రైలొస్తే పల్నాడు వెనకబాటు పోతుందన్న మాట మళ్లీ జోరందుకుంది. సరుకు వరకైతే కాదనలేం. మాచర్లలో 1958లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టేనాటికి మీటర్ గేజి పట్టాలు సిద్ధంగా ఉండటం చిన్న సంగతి కాదు. రైలు మనిషిని కూడా విడిపిస్తుందంటేనే పేచీ. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1860 నాటికి దాదాపు 9 వేల మైళ్ల రైలుమార్గం ఉంది. అందులో చాలా భాగం బానిసల రెక్కల కష్టమే. కంపెనీలు వాళ్లను ఏడాది లెక్కన యజమానుల దగ్గర అద్దెకు తెచ్చుకునేవి, కొన్ని ఏకంగా కొనేసేవి. పత్తి రేవుకు త్వరగా చేరింది, దాంతోపాటు బానిస ఖరీదూ పెరిగింది. ఆ సంకెళ్లు తెగడానికి యుద్ధమూ, 1865 రాజ్యాంగ సవరణా కావలసి వచ్చాయి.

మన దగ్గర బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు 1843లోనే పోయింది. పాలేరుతనం మాత్రం మిగిలింది. పెళ్లికో చావుకో తీసుకున్న అప్పుకు మనిషే తాకట్టు. తెల్లారకముందే లేచి పేడ ఎత్తాలి, మేత వేయాలి, అరక కట్టాలి. రాత్రి పడక కూడా చాలాసార్లు కొట్టంలోనే. గాసం గింజలు కొలిచేది ఆసామి, బాకీ రాసుకునేది ఆసామి, చదువురాని పాలేరు వేలిముద్ర వేసేవాడు. తండ్రి పోతే బాకీ కొడుకు మీదికొచ్చేది. ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లే. 1890 ప్రాంతంలో గుంతకల్లు నుంచి కృష్ణా నది దాకా పడిన లైను వినుకొండ, నరసరావుపేటల మీదుగా వచ్చింది. మాచర్లకు రైలు రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. నల్లరేగడి పత్తికి దూరపు బేరగాళ్లు దొరికారు. లాభం పొలం ఉన్నవాడిది. అతని చేతిలో రొక్కం ఆడితే అప్పిచ్చి మనిషిని కట్టేసుకునే సత్తువా పెరుగుతుంది కదా.

కరువు మాటేమిటని అడగొచ్చు. అడగాల్సిందే. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయినంత పనైంది. ఆ తర్వాతి తరంలో వచ్చిన ధాతు కరువు అయ్యాక వేసిన గుంతకల్లు - కృష్ణ లైను ఉద్దేశాల్లో ఒకటి గింజలు చేరవేయడమే. రైళ్లు కరువు చావులను తగ్గించాయని ఒప్పుకోవాలి. అయితే ఆకలి చావు తప్పడం వేరు, బాకీ తప్పడం వేరు. రైలెక్కి పారిపోయే దారి దొరికిందిగా అనేది రెండో వాదన. దొరికింది, కొందరికి. కానీ రేవులు దాటి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీల్లో చాలామంది మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతోనే ఓడెక్కారు, అంటే ఒక బాకీ నుంచి ఇంకో బాకీలోకి. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని జైలుకు పంపే 1859 చట్టం 1920ల దాకా నడిచింది. టికెట్టు కొనుక్కునే స్వేచ్ఛ ఒక చేత్తో ఇచ్చి, పని వదిలే స్వేచ్ఛను రెండో చేత్తో లాక్కున్నారన్నమాట.

మరి ఏది పనిచేసింది? ధాతు కరువులోనే ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు పనుల్లో పైకులాల మేస్త్రీలు మాదిగ కూలీలను కొట్టడం, కూలి కోయడం మామూలు. అతను తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. 1878లో వేలమంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ చెబుతారు. మతం లెక్క ఎలా ఉన్నా నాకు కూలి లెక్కే ముఖ్యంగా తోస్తుంది: ఆసామి ప్రమేయం లేని డబ్బు నేరుగా చేతికొచ్చింది. ఆ పని రైలుదీ కాదు, వట్టి మట్టి కాలువ.

అందుకే కొత్త లైను గురించి స్టేషన్లు ఎన్ని, రైళ్లు ఎన్ని అని మాత్రమే అడిగితే చాలదు. కట్ట మీద మట్టి పోసే కూలీకి అడ్వాన్సు ఎవరిచ్చారు, మస్టర్‌లో ఎవరి పేరుంది, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది, జిల్లాకో విజిలెన్స్ కమిటీ ఉండాలని అందులోనే ఉంది. నరసరావుపేటలోని కలెక్టరేటు ఆ కమిటీ చేత రైల్వే పనుల దగ్గరా, పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గరా ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు రాయించి, జాబితాను బయట పెట్టాలి.