బయాన్ ఎవరికి అర్థం కావాలి?

'తెలుగు మాట్లాడేవాడు సగం ముస్లిమే' అనే మాట మన పెద్దల నోట నేటికీ వినిపిస్తుంది. కోస్తా పల్లెల్లోని నూర్‌బాషా సోదరులు ఈ మాటను తరతరాలుగా భరిస్తున్నారు. వారి ఇంటి భాష తెలుగు. అంతమాత్రాన వారి నమాజుకు, రోజాకు విలువ తగ్గుతుందా?

ఉర్దూ మన సంస్కృతిలో భాగమే, కాదనను. పెద్దలను 'ఆప్' అనే మర్యాద, మీలాద్ సభల నాతులు ఆ భాషతోనే మన ఇళ్లకు వచ్చాయి. కాని భాషే ధర్మమనుకుంటే చిక్కు. ఉర్దూ కూడా ఈ దేశంలో పుట్టిందే గాని అరేబియా నుంచి దిగిరాలేదు. ప్రతి ప్రవక్తనూ అతని జాతివారి భాషతోనే పంపినట్లు దివ్య ఖుర్‌ఆన్ ఇబ్రాహీం సూరా తెలుపుతోంది. తమిళ ముస్లింలు అరబ్బీ లిపిలో తమిళం రాసుకున్నారు. వైకం ముహమ్మద్ బషీర్ మలయాళంలో రాశారు. మన పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) తెలుగు పద్యంతో మెప్పించారు. ఇక తెలుగు సంగతంటారా, రైతు, వకీలు, జిల్లా అనే అరబ్బీ మాటలను అది మతం అడగకుండానే తన ఇంట్లో ఉంచుకుంది.

జుమా నాడు ఉర్దూ బయాన్ సాగుతుంటే వెనుక వరుసల్లోని కుర్రవాళ్లు గడియారం చూస్తుంటారు. వారిది అశ్రద్ధ కాదు, అర్థం కాకపోవడం. అరబ్బీ ఖుత్బాకు ముందు పది నిమిషాలు తెలుగులో చెప్పిస్తే చాలు. మా మస్జిద్ కమిటీ ముందు ఈ మాట పెట్టాను. "ఆలోచిద్దాం భాయ్" అన్నారు. రెండు రంజాన్లు గడిచాయి.