సీపీయూ పది శాతమే, సైట్ మాత్రం లేవలేదు

మా పిన్నిది నందిగామ దగ్గర పల్లెటూరు. మొన్న ఫిబ్రవరిలో, తమ్ముడి అప్లికేషన్‌కి ఆఖరి రోజని మిరపకాయ కోతలు మానుకుని నందిగామ నెట్ సెంటర్‌కి వెళ్లింది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఒకటే మాట, "సర్వర్ బిజీ అమ్మా". గడువు తర్వాత పెంచార్లే, కానీ అందుకు ఇంకో రోజు కూలి పోయింది. జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చినప్పుడు నన్ను పట్టుకుంది. "ఏరా, నువ్వు చదివేది కంప్యూటర్లే కదా, ఆ సర్వర్‌కి ఎప్పుడూ జ్వరమేందిరా?"

ఏం చెప్పను? అదే నెలలో మా సైటూ పడిపోయింది.

నలుగురం కలిసి ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్ చేశాం. స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్. రాత్రి 8కి ఓపెన్ చేస్తే ఐదు నిమిషాల్లో తెల్ల స్క్రీన్. నేను టాప్ కమాండ్ కొట్టి చూశా. సీపీయూ పది శాతం, మెమరీ సగం ఖాళీ. "సర్వర్ సూపర్, మీ వైఫై చూసుకోండి" అని గ్రూపులో పెట్టేశా. (వైఫైకి ఇక్కడ బహిరంగ క్షమాపణ.)

అసలు జరిగింది వేరు. టామ్‌క్యాట్‌లో డీఫాల్ట్‌గా 200 థ్రెడ్లు ఉంటాయి. డేటాబేస్‌కి వెళ్లే హికారీ పూల్‌లో కనెక్షన్లు డీఫాల్ట్‌గా 10. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు 200 మంది, గరిటెలు పదే అనుకోండి. మేం చేసిన ఘనకార్యం ఏంటంటే, కన్ఫర్మేషన్ మెయిల్ పంపే కోడ్‌ని డేటాబేస్ ట్రాన్సాక్షన్ లోపలే రాశాం. మెయిల్ వెళ్లడానికి రెండు సెకన్లు. అంతసేపూ గరిటె పట్టుకుని నిలబడటమే. పది గరిటెలు, మనిషికి రెండు సెకన్లు, అంటే సెకనుకి ఐదుగురికే వడ్డన. రిఫ్రెష్ కొట్టేవాళ్లతో కలిపి సెకనుకి 50 రిక్వెస్టులు వస్తే 45 మిగిలిపోతాయి. 200 థ్రెడ్లూ ఐదు సెకన్లలోపే నిండిపోతాయి. 30 సెకన్లు ఎదురుచూసి ఒక్కోటీ ఎర్రర్ ఇస్తుంది. ఎవరూ పని చెయ్యట్లేదు, అందరూ ఎదురుచూస్తున్నారు. అందుకే సీపీయూ చల్లగా ఉంది! యాక్చువేటర్ పెట్టుకుని ఉంటే, కనెక్షన్ కోసం ఎంతమంది లైన్లో ఉన్నారో ఒక్క అంకెలో కనిపించేది. మేం పెట్టలేదు. ప్రాజెక్టు వైవాలో ఎవరూ అడగరు కదా.

నా గొడవ అక్కడే. మనకి సైట్ కట్టడం నేర్పుతారు, కట్టాక దాని నాడి చూడటం నేర్పరు. నాడి చూసేవాళ్లు కూడా సగటు చూస్తారు. వంద రిక్వెస్టుల్లో 95 మందికి 0.2 సెకన్లు, ఐదుగురికి 20 సెకన్లు పట్టిందనుకోండి. సగటు 1.19 సెకన్లు. రిపోర్టులో చక్కగా ఉంటుంది. ఆ ఐదుగురిలో మా పిన్ని ఉంటుంది. అందుకే సగటు పక్కన పెట్టి 99వ పర్సంటైల్ చూడమంటారు. అక్కడైతే 20 సెకన్లు దాక్కోలేదు.

"ట్రాఫిక్ ఎక్కువైంది" అనే సాకు నాకు అస్సలు నచ్చదు. నిజంగానే ఎక్కువవుతుంది. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4కి, 18 ఏళ్లు దాటినవాళ్లకి రిజిస్ట్రేషన్ తెరవగానే కోవిన్ కూడా తడబడింది. అయినా ఆ ఒక్కరోజే కోటి మందికి పైగా నమోదయ్యారు. ఆఖరి తేదీ నోటిఫికేషన్లో మనమే వేస్తాం. ఆ రోజు జనం వస్తారని తెలియకపోవడం ఏంటి?

మా వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. ఖమ్మంలో మున్నేరు ఎంత ఎత్తున ఉందో టీవీలో చూసి ఇక్కడ సామాన్లు సర్దుకుంటారు. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్లొచ్చి హైదరాబాద్ బస్సులు ఆగిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. ఇల్లు మునిగాక ఇచ్చేదాన్ని హెచ్చరిక అనరు. ఎర్రర్ పేజీ అంటే ఇల్లు మునగడం. లైన్లో ఎంతమంది ఉన్నారనేది ఖమ్మం నీటిమట్టం. మనం చూడాల్సింది ఆ రెండోదాన్ని.

ఇంకోటి, మన అందరి ఫేవరెట్ మందు, రీస్టార్ట్. ఆ రాత్రి మేం మూడుసార్లు కొట్టాం. కొట్టిన ప్రతిసారీ రెండు నిమిషాలు లేచింది, మళ్లీ పడింది. రీస్టార్ట్‌కి ముందు ఒక్కసారి థ్రెడ్ డంప్ తీసి ఉంటే, 200 మందీ ఎక్కడ ఆగారో లైన్ నంబర్‌తో సహా దొరికేది. నాలుగోసారి ఒక సీనియర్ అన్న వచ్చి తీయించాడు. పావుగంటలో తేలిపోయింది.

ఈ ఏడాది మెయిల్ పంపడాన్ని ట్రాన్సాక్షన్ బయటికి తీశాం. లైన్ పొడవు గ్రాఫ్ నా ఫోన్‌లోకి వస్తుంది, 20 దాటితే మోగుతుంది. మినీ ప్రాజెక్టుకి పది మార్కులు ఇలాంటి గ్రాఫ్‌కి ఇవ్వమని మా మేడమ్‌ని అడిగాం, చూద్దాం అన్నారు. ఓపెన్ చేసే ముందు రోజు నందిగామ నెట్ సెంటర్‌లో కూర్చుని ఫారం నింపి చూస్తా. అక్కడి అన్నకి చెప్తే నవ్వి, "మధ్యాహ్నం రా, అప్పుడు నెట్ ఇంకా స్లో" అన్నాడు.