దారి ముచ్చట్లు: అచిల్ దాకా సైకిళ్ళ మీద

‘ఈసారి మమ్మల్ని ఎక్కడికి తిప్పుతారు?’ అని అడిగినవాళ్ళకి జవాబు: మేయో జిల్లాలోని అచిల్ దీవికి. డబ్లిన్ వైపు నుంచి ఐదు రోజులు, పదకొండు మందిమి, పదకొండు సైకిళ్ళు. మాలో చిన్నవాడికి పద్నాలుగేళ్ళు, పెద్దాయనకి అరవై దాటాయి. పులిహోర డబ్బాలు మోసే బాధ్యత, ఎప్పటిలాగే, లావుగా ఉన్నవాళ్ళది.

మొదటి నాలుగు రోజులూ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ దాకా రాయల్ కెనాల్ గట్టు, 130 కిలోమీటర్లు. 2021లో ఈ దారి తెరిచారు. చదునైన బాట, పక్కన నీళ్ళు, నీళ్ళలో బాతులు. ఆ తర్వాత వెస్ట్‌పోర్ట్ దాకా మామూలు రోడ్లు, ఎదురుగాలి. అంతే.

ఐదో రోజు అలా కాదు. వెస్ట్‌పోర్ట్ నుంచి అచిల్‌కి 42 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. ఒకప్పుడు అది రైలుకట్ట. 1937లో లైను మూసేశాక గడ్డి మొలిచి, గొర్రెలు మేసి, చివరికి 2010, 2011 సంవత్సరాల్లో సైకిళ్ళ వాళ్ళ పాలబడింది. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి పెద్ద ఎత్తులు ఉండవు, మోకాళ్ళు దీవిస్తాయి. ఎడమచేతి వైపు క్లూ అఖాతం, దాన్నిండా చిట్టి చిట్టి దీవులు. రోజుకొకటి చొప్పున 365 అని ఇక్కడివాళ్ళ లెక్క. ఎవరు లెక్కపెట్టారో మరి!

న్యూపోర్ట్‌లో ఏడు కమానుల ఎర్రరాతి రైలు వంతెన చూసి ఇవతలకి రాగానే మా వదిన సైకిలు పంక్చరైంది. టైరులో గాలి నింపే ఆలోచనకి 1888లో పేటెంటు తీసుకున్న డన్‌లప్ పశువైద్యుడు, ఉండేది బెల్‌ఫాస్ట్‌లో. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని మొదలుపెట్టాడట. ఆ సంగతి నేను వివరంగా చెబుతూంటే వదిన, ‘కథలు తర్వాత, ముందు పంపు పట్టవయ్యా’ అంది. అంతలో అటుగా వచ్చిన ఓ పెద్దాయన సైకిలు దిగి, నీళ్ళ తొట్టి లేకుండానే, ట్యూబు చెంపకి ఆనించి చిల్లు కనిపెట్టారు. అచిల్ మనిషి. ఈ లైను సంగతి మీకు తెలుసా అని అడిగి, గట్టు మీద కూర్చుని చెప్పారు.

పదిహేడో శతాబ్దంలో బ్రయన్ రువా అనే ఆయన ఈ ప్రాంతంలో భవిష్యత్తు చెప్పేవాడట. నిప్పులు కక్కుతూ ఇనుప చక్రాల బండ్లు వస్తాయనీ, మొదటి బండీ చివరి బండీ అచిల్‌కి శవాలు మోస్తాయనీ అన్నాడట. మన వీరబ్రహ్మేంద్రస్వామి వారి ఎద్దులు లేని బండ్లు నాకు గుర్తొచ్చాయి. ఈయనా దాదాపు ఆ కాలంవాడే!

జరిగింది మాత్రం చరిత్ర. 1894 జూన్ 14న అచిల్ కూలీలు స్కాట్లండ్ పొలాల్లో పనికని పడవల్లో వెస్ట్‌పోర్ట్ రేవుకి బయలుదేరారు. నూరు మందికి పైగా ఎక్కిన ఒక పడవలో, ఎదురుగా నిలిచిన స్టీమరు చూడాలని జనం ఒక పక్కకి ఒరిగారు. పడవ బోల్తాపడి 32 మంది పోయారు. అచిల్ దాకా లైను ఇంకా మామూలు ప్రయాణికులకి తెరవకముందే, శవాల కోసం ప్రత్యేకంగా రైలు నడిపారు. 1937 సెప్టెంబరు 16న స్కాట్లండ్‌లోని కర్కిన్‌టిలాక్‌లో బంగాళాదుంపలు ఏరడానికి వెళ్ళిన పదిమంది కుర్రాళ్ళు, కూలీలని పడుకోబెట్టే కొట్టంలో నిప్పంటుకుని చనిపోయారు. చిన్నవాడికి పదమూడు, పెద్దవాడికి ఇరవై మూడు. వాళ్ళ శవపేటికలు వచ్చిన కొద్దిరోజులకే లైను మూతపడింది.

జోస్యం నిజమైందని అందరూ చెప్పుకునేది అందుకే. నాకది నచ్చలేదు. జోస్యం అనేస్తే ఆ కొట్టం సంగతి ఎవరూ అడగరు. పదమూడేళ్ళ పిల్లాడు సముద్రం దాటి దుంపలు ఏరడానికి ఎందుకు వెళ్ళాలో అంతకన్నా అడగరు.

మలరానీలో పులిహోర తిన్నాం. అక్కడ గుట్టమీద పెద్ద హోటలు ఉంది. రైలు కంపెనీ 1897లో దొరల కోసం కట్టించింది. ఒకే లైను మీద సముద్రస్నానాలకి వచ్చేవాళ్ళూ, దుంపల పనికి పోయేవాళ్ళూ!

అచిల్ సౌండ్ చేరి వంతెన దాటాక, అందరం అలసిపోయినా, మరో ఆరేడు కిలోమీటర్లు తొక్కి కిల్డావ్నెట్ శ్మశానానికి వెళ్ళాం. 1894 వాళ్ళూ, 1937 వాళ్ళూ అక్కడే ఉన్నారు. గాలికి మాట వినపడడం లేదు. మా చిన్నవాడు, ‘వీళ్ళకి బడి లేదా మామా?’ అన్నాడు.

మాది పాలమూరు. మా అమ్మ పెద్దన్న పదిహేనేళ్ళప్పుడు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో పెట్టి, ఎక్కడో డ్యాము పనికి వెళ్ళాడు. ఏ డ్యామో ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్ళకి ఆయన రేకుపెట్టె ఒక్కటే తిరిగొచ్చింది. ఇక్కడ గుర్తుకి రాయి అయినా ఉంది. ఆ సంగతి వాడికి అక్కడే నిలబడి చెప్పాను. ఇంతకుముందు మా పిల్లలకి కూడా చెప్పలేదు. వదిన మిగిలిన టీ ఫ్లాస్కు తెరిచి ముందు నాకు పోసింది.

వెళ్ళదలచినవాళ్ళకి: సైకిళ్ళు వెస్ట్‌పోర్ట్‌లో అద్దెకి దొరుకుతాయి. గొడుగు పనికిరాదు, రెయిన్‌కోటు కావాలి. పిల్లలతో అయితే న్యూపోర్ట్ నుంచి మలరానీ దాకా 18 కిలోమీటర్లు చాలు. పెద్దలు మాత్రం కిల్డావ్నెట్ దాకా వెళ్ళి రండి.