ఆడలేక మద్దెల ఓడా?

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట!" ఇది పియానో పాఠానికి వెళ్ళిన మా అమ్మాయికి గురువుగారి ఆశీర్వచనం. ఇంట్లో తడబడకుండా వాయించిన పాఠంలో అక్కడ సగం స్వరాలు పలకనే లేదు. "మా ఇంటి కీబోర్డు మీద బాగానే వచ్చిందండీ" అన్నదే అది చేసిన నేరం.

సామెతల మీద నాకు గౌరవమే. కానీ ఇక్కడ మద్దెల నిజంగానే వేరు. వైణికుడు తన వీణను తాను మోసుకు వెళతాడు. పియానో వాయించేవాడు మాత్రం వెళ్ళిన చోట ఏది ఉంటే దానితోనే సర్దుకోవాలి. (హొరోవిట్జ్ 1986లో తన స్టైన్‌వే పియానోను మాస్కో దాకా తీసుకువెళ్ళాడు. ఆ భోగం అందరికీ పట్టదు.) బాఖ్ అంతటివాడు జిల్బర్‌మాన్ తయారుచేసిన తొలి పియానోల మీటలు మరీ బరువుగా ఉన్నాయని తప్పుపట్టాడు. ఆయనకూ ఆట రాదందామా?

గ్రాండ్ పియానోలో మీట నొక్కితే సుత్తి పైకెగిరి తీగను తాకి, తన బరువుతోనే వెనక్కి పడుతుంది. మరీ మెల్లగా నొక్కితే అది తీగ దాకా చేరదు, స్వరం పుట్టదు. మంద్రస్థాయి మీటలు బరువు, తారస్థాయివి తేలిక. మా ఇంట్లో ఉన్న చవక కీబోర్డులో సుత్తీ లేదు, తీగా లేదు. మీట కింద స్ప్రింగు, ఎంత వేగంగా నొక్కారో కొలిచే స్పర్శాబిందువులు, అంతే. ఎంత నెమ్మదిగా తాకినా ఏదో ఒక ధ్వని వచ్చేస్తుంది. దీనికి తోడు, రాత్రిపూట పక్కింటివారికి భయపడి మేము శబ్దం తగ్గించేవాళ్ళం. వినబడడం లేదని పిల్ల గట్టిగా బాదేది. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు హెడ్‌ఫోన్లు కొన్నాం.

కానీ గురువుగారి తప్పో? పిల్ల కూర్చున్న మరుక్షణమే పాఠం అప్పజెప్పమంటారు. ఒక్క స్వరశ్రేణిని ఆ చివరి నుంచి ఈ చివరికి నిదానంగా, మొదట మెత్తగా, తరువాత గట్టిగా వాయించనిస్తే ఆ మీటల బరువేమిటో వేళ్ళకు తెలియదా? కొత్త పియానోతో చెలిమి చేయడం కూడా విద్యలో భాగమే కదా, దాన్ని నేర్పేదెవరు? నిందించడం బోధన ఎలా అవుతుంది?

రెండు వారాలుగా పాఠం రోజు వస్తే చాలు, పిల్లకు కడుపునొప్పి. నేనడుగుతున్నది పది నిమిషాలు. వాటికీ రుసుము మేమే కడుతున్నాం.