నక్షత్ర రేణువులకు భద్రత ఏది?
1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలోంచి తీసిన, నక్షత్రాల్లో పుట్టిన 40 సిలికాన్ కార్బైడ్ రేణువుల వయసును చికాగో ఫీల్డ్ మ్యూజియం శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టి, వాటిలో కొన్ని సూర్యుడికన్నా ఎంతో పాతవని 2020 జనవరిలో ప్రకటించింది. కాస్మిక్ కిరణాల తాకిడికి రేణువుల్లో పుట్టి పేరుకున్న నియాన్-21ను కొలిచి తేల్చిన లెక్క ఇది. అన్నిటికన్నా పాతవాటి వయసు 550 కోట్ల ఏళ్లపైనే, 700 కోట్ల దాకా ఉండవచ్చు. నియాన్ పుట్టే వేగంపై అంచనాలు మారితే ఈ అంకెలూ మారతాయి. 40 రేణువులను పట్టుకుని పాలపుంత చరిత్రను తిరగరాయబూనడం తొందరపాటే. అయినా, నక్షత్రాలు అన్ని కాలాల్లోనూ ఒకే జోరున పుట్టలేదన్న వాదనకు ప్రయోగశాలలో పరీక్షించదగ్గ ఆధారం దొరికింది. రాయి పడిన అర్ధ శతాబ్దానికీ దాని ముక్కలు, విడదీసిన రేణువులు భద్రంగా ఉన్నందువల్లే ఇది సాధ్యపడింది. ముక్కను పొడి చేసి, ఆ పొడిని ఆమ్లంలో కరిగిస్తేగానీ రేణువులు బయటపడవు. కరిగిన రాయి మళ్లీ రాదు. కనుక ప్రతి ఉల్కలోనూ కొంత భాగాన్ని ముట్టకుండా, రేపటి పరికరాల కోసం అట్టేపెట్టాలి. 2017 జూన్‌లో రాజస్థాన్‌లోని ముకుంద్‌పురాలో పడిందీ మర్చిసన్ కోవ రాయే. ఇలాంటివి వానకు, నేలతేమకు త్వరగా పాడవుతాయి. పడిన వెంటనే అవి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చేరేలా రెవెన్యూ, పోలీసు సిబ్బందికి స్పష్టమైన ఆదేశాలు ఉండాలి. రాయిని అప్పగించిన రైతుకు తగిన పారితోషికమూ అందాలి.