పిల్లలకు నమూనా విమానాల తయారీ, పనిగది భద్రత నేర్పడం గురించి తీర్మానం

కామాఠిపుర తెలుగు చాళ్ల నివాసుల సర్వసభ్య సమావేశంలో పిల్లల కార్యక్రమాల ఉపసంఘం ప్రతిపాదించగా, మహిళా సభ్యులు బలపరచగా, చర్చించి చేసిన తీర్మానం.

పూర్వరంగం

ఈ పేటకు పేరు వచ్చిందే మన పెద్దల వల్ల. తెలుగు నేల నుంచి వలస వచ్చి, తట్ట మోసి, రాయి చెక్కి, గోడలు లేపి బొంబాయిని నిలబెట్టిన కామాఠీలు కాపురమున్న చోటు ఇది. గుండు కట్టిన దారం వేలాడదీసి గోడ నిలువు చూసిన ఆ చేతుల నేర్పు పుస్తకాలకెక్కలేదు. అయినా ఆ తరాలు చదువు విలువ ఎరిగినవే. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన, అందరికీ చదువు కావాలన్న సత్యశోధక్ సమాజానికి ముంబయిలో అండగా నిలిచినవారిలో వెంకు బాలోజీ కాలేవార్, జయ కరాడీ లింగు వంటి తెలుగు గుత్తేదారులు ఉన్నారు.

మన గల్లీల్లో నేటికీ చిన్న చిన్న గదుల్లో చేతిపనులు సాగుతున్నాయి. పిల్లలు పనిముట్లను రోజూ చూస్తూనే పెరుగుతున్నారు. వాటిని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ ప్రమాదముందో కూర్చోబెట్టి చెప్పేవారే తక్కువ. కత్తెర, కట్టర్ కూలి కోసం చేతికి రాకముందే చదువు కోసం రావాలని, ఆ చదువులో జాగ్రత్తే మొదటి పాఠం కావాలని ఈ సమావేశం గట్టిగా నమ్ముతున్నది.

ఇందుకు నమూనా విమానం తగిన సాధనం. 1878లో విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులకు తండ్రి తెచ్చి ఇచ్చినది కాగితం, వెదురు, కార్కులతో చేసిన, రబ్బరు బ్యాండుతో ఎగిరే బొమ్మ. ఆ పిల్లలే పెద్దవారై 1903 డిసెంబరు 17న విమానం ఎగరేశారు. మొదటిసారి అది గాలిలో ఉన్నది 12 సెకన్లు, సాగిన దూరం 120 అడుగులు. మన నగరానికీ విమానంతో పాత బంధముంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి టపా సంచులతో వచ్చి దిగినది మన నగరంలోని జుహూలోనే.

చార్టు కాగితం, వెదురు పుల్లతో చేసిన గ్లైడర్ కూడా పిల్లలను ఆలోచింపజేస్తుంది. విసరగానే ముక్కు పైకెత్తి, ఆగి, కిందికి జారితే ముక్కుకు చిటికెడు మైనం అంటించాలి. తిన్నగా నేలకు దూకితే ఆ మైనం కొంత తీయాలి. రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో సుమారు మూడోవంతు దూరాన, రెండు వైపులా వేళ్లమీద నిలిపి బరువు సరిచూడాలి. తప్పు ఎక్కడుందో విమానమే చూపుతుంది, దిద్దుకోవడం పిల్లల చేతిలో ఉంటుంది.

కనుక ఈ సమావేశం ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. చాళ్లలోని పిల్లలందరికీ, ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా, ప్రతి ఆదివారం ఉదయం ఉచితంగా నమూనా విమానాల తయారీ నేర్పాలి. పాఠం తెలుగులో సాగాలి. మరాఠీ, హిందీ మాట్లాడే ఇరుగుపొరుగు పిల్లలనూ కలుపుకోవాలి.

2. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మడత కాగితం విమానాలే. ఎనిమిది దాటినవారికి మొన మొద్దుగా ఉన్న కత్తెర. పన్నెండు దాటాకే, పెద్దలు పక్కన ఉండగా కట్టర్. ప్రతి ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి తప్పక ఉండాలి.

3. కోత పని బల్లమీద, కింద అట్ట పరచి, ఇనుప స్కేలు ఆనించి చేయాలి. బ్లేడు దారిలో వేళ్లు ఉండకూడదు. కట్టర్ జారి పడితే పట్టుకోబోకుండా వెనక్కి జరగాలని మొదటి రోజే నేర్పాలి. పని ఆపగానే బ్లేడు లోపలికి తోయాలి. వాడిన బ్లేడ్లను మూతగల రేకు డబ్బాలో వేయాలి. చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తే కార్మికుల చేయి తెగుతుంది.

4. అతికించడానికి నీటితో కడిగితే పోయే తెల్ల జిగురే వాడాలి. క్షణాల్లో అంటుకునే జిగురు పెద్దల చేతిలోనే ఉండాలి. అది నూలు బట్టమీద ఒలికితే వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు. వేళ్లు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టాలి. థిన్నర్, ఘాటు వాసనగల ద్రావకాలు పనిగదిలోకి రాకూడదు.

5. తీగ తుంచేటప్పుడు, రబ్బరు మెలితిప్పేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు ధరించాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. ప్రథమ చికిత్స పెట్టె, పిల్లల ఇళ్ల ఫోన్ నంబర్లు గోడమీద అందుబాటులో ఉండాలి.

6. చేతితో విసిరేవి, రబ్బరుతో ఎగిరేవి మాత్రమే చేయాలి. డ్రోన్లు, రిమోట్‌తో ఎగిరేవాటిపై ముంబయి పోలీసులు నిషేధ ఉత్తర్వులు జారీ చేస్తుంటారు కనుక వాటి జోలికి పోరాదు. విమానాలను బడి హాలులోగాని, అనుమతి తీసుకున్న మైదానంలోగాని ఎగరేయాలి. డాబాలు, గ్యాలరీలు, రోడ్లు వద్దు. రేకుల కప్పుమీదో కరెంటు తీగమీదో పడినదాన్ని వదిలేయాలి. దానికోసం ఏ బిడ్డా పైకి ఎక్కకూడదు.

7. పిల్లలు చేసినది పిల్లలదే. ఒక్క విమానం కూడా అమ్మకానికి పెట్టరాదు. నేర్పుతున్నామనే పేరుతో ఏ కార్ఖానా పనికీ పిల్లలను వాడుకోరాదు.

8. చిన్న గాయమైనా పుస్తకంలో రాసి, కారణం తెలుసుకుని, తరువాతి ఆదివారానికి పద్ధతి మార్చాలి. గాయపడిన బిడ్డను మందలించరాదు. మందలిస్తే పిల్లలు మరోసారి గాయాన్ని దాచిపెడతారు.

9. ఏడాదికి ఒకసారి పిల్లలను వర్లీలోని నెహ్రూ సైన్స్ సెంటర్‌కు తీసుకువెళ్లాలి. తాపీ, వడ్రంగం, కుట్టుపని తెలిసిన మన పెద్దలను నెలకొకరిని పిలిచి, వారి పనిముట్ల గురించీ పనిలో పాటించే జాగ్రత్తల గురించీ చెప్పించాలి.

10. కామాఠిపుర పునర్నిర్మాణంలో కట్టే కొత్త భవనాల్లో గాలి, వెలుతురు ఉన్న ఒక గదిని పిల్లల పనిగదిగా కేటాయించాలని మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడాను కోరాలి. కొత్త ఇంటితోపాటు మన పిల్లలకు నేర్చుకునే చోటూ దక్కాలి.

ఈ తీర్మానం ప్రతిని మ్హాడాకు, పరిసర పాఠశాలలకు పంపాలని, నియమాలను తెలుగు, మరాఠీ, హిందీల్లో రాయించి ప్రతి చాళ్ మెట్ల దగ్గర అతికించాలని, ఆరు నెలలకు ఉపసంఘం అమలు నివేదికను తిరిగి ఈ సమావేశం ముందుంచాలని నిర్ణయించి, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.